మాట రాని ఊళ్ళో మూడు నెలలు

పిల్లలూ! మీ అట్లాసులో జర్మనీ దేశపు పటం తీసి చూడండి. రాజధాని బెర్లిన్‌కు నైరుతి దిక్కున లైప్‌జిగ్ అనే నగరం కనపడుతుంది. బెర్లిన్ నుంచి వేగంగా పోయే రైలులో గంటంబావు ప్రయాణం. జనాభా ఆరు లక్షల పైచిలుకు. అక్కడి విశ్వవిద్యాలయం 1409లో పుట్టింది. యూరపు సంగీతంలో మహావిద్వాంసుడు బాఖ్ 1723 మొదలు 1750లో కన్నుమూసేవరకు ఆ ఊళ్ళోనే, సెయింట్ థామస్ చర్చిలో పిల్లలకు పాట నేర్పుతూ గడిపాడు. 1915లో కట్టడం పూర్తయిన రైల్వే స్టేషను ఎంత పెద్దదంటే, ఒక చివర నుంచి మరో చివరకు నడిచేసరికి నాలాంటివాడికి ఆయాసం వస్తుంది.

ఇవన్నీ చూసిరావటానికి నాలుగు రోజులు చాలు. నేను అక్కడ ఉన్నది 90 రోజులు. మా అమ్మాయీ అల్లుడూ ఆ ఊళ్ళో ఉద్యోగాలు చేస్తున్నారు. 2023 మే నెలలో నన్ను పిలిపించుకున్నారు. చూడవలసినవి చూడటం అయిపోయాక మిగిలిన 86 రోజులు ఏమిటన్నదే ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను.

ఉదయం ఎనిమిది గంటలకల్లా అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకు పోతారు. ఆరేళ్ళ మనుమరాలిని దారిలో శిశువిహారంలో దింపుతారు. సాయంత్రం నాలుగున్నరకు గాని ఎవరూ ఇంటికి రారు. ఇంట్లో నేనూ, గోడగడియారమూ. కిటికీలోంచి చూస్తే వీధి అద్దంలా ఉంటుంది. మనుషులు తక్కువ, ఉన్నవాళ్ళు కూడా గట్టిగా మాట్లాడరు. ఆదివారమయితే చట్టప్రకారం దుకాణాలన్నీ మూసి ఉంటాయి. వీధిలో కేక వేసి కూరలమ్మేవాడు లేడు, పాలవాడు లేడు, "ఏమండీ, కాఫీ అయిందా?" అని గోడ మీదుగా పలకరించే పొరుగింటాయన లేడు. ముప్ఫైఆరేళ్ళు బడిపిల్లల గోల మధ్య బతికిన మనిషిని నేను. పదోరోజు సాయంత్రం లెక్క చూసుకుంటే, పొద్దుటినుంచి నా నోటివెంట ఒక్క మాటయినా బయటికి రాలేదని తేలింది.

"ఇంగ్లీషు వచ్చుగా, తాతగారూ?" అంటారేమో. వచ్చు. అక్కడి పడుచువాళ్ళకూ వచ్చు. అయితే పగటిపూట ఇళ్ళలో ఉండేది నా ఈడువాళ్ళు. లైప్‌జిగ్ 1990 వరకూ తూర్పు జర్మనీ అనే వేరే దేశంలో భాగంగా ఉండేది. ఆ దేశపు బళ్ళలో పిల్లలు అయిదో తరగతినుంచి తప్పనిసరిగా నేర్చిన పరభాష రష్యన్. కనుక మెట్లమీద ఎదురైన ముసలాయన నా ఇంగ్లీషుకు నవ్వి తల ఊపేవాడు, నేను ఆయన జర్మనుకు నవ్వి తల ఊపేవాణ్ణి. అంతటితో మా సంభాషణ ముగిసేది.

పరాయి భాషలో అవసరాలు గడుపుకోవటం కష్టం కాదు. రొట్టె కావాలంటే వేలు చూపిస్తే ఇస్తారు. ఈ కాలంలో ఫోను కూడా తర్జుమా చేసి పెడుతుంది. మందుల దుకాణంలో దానివల్ల నాకు మేలే జరిగింది. కాని ఫోను చేత మాట్లాడించేటప్పుడు ఇద్దరూ దాని ముఖమే చూస్తారు గాని ఒకరి ముఖం ఒకరు చూడరు. మనిషికి కరువయ్యేది అవసరమైన మాట కాదు, అనవసరమైన మాట. "ఇవాళ ఎండ బాగా కాసిందండీ" అన్నామనుకోండి, ఆ సంగతి ఎదుటివాడికీ తెలుసు. అయినా అనాలి. అనేందుకు మనిషి లేకపోవటమే ఒంటరితనం. రాత్రి ఎనిమిదయినా అక్కడ వేసవిలో పొద్దు వాలదు; ఆ వేళకు కాస్త మాట్లాడదామంటే మన దేశం మూడున్నర గంటలు ముందుంది గదా, ఇక్కడివాళ్ళంతా నిద్రలో ఉంటారు.

నా సంగతి కనిపెట్టింది మా మనుమరాలే. "తాతయ్యా, నువ్వు కూడా ఊరికే ఉంటున్నావా?" అని అడిగింది. "నువ్వు కూడా" అన్నదేమిటా అని వాళ్ళమ్మను అడిగితే అప్పుడు తెలిసింది. రెండేళ్ళ కిందట పిల్లను శిశువిహారంలో చేర్చినప్పుడు నాలుగు నెలలు నోరు విప్పలేదట. ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడే పిల్ల అక్కడ బొమ్మలా కూర్చునేదట. తల్లి భయపడి రాత్రులు ఏడ్చిందట. మాకు ఉత్తరం ముక్కయినా రాయలేదు, దిగులుపడతామని.

తల్లిదండ్రులు ఈ విషయం తెలుసుకోవటం మంచిది. కొత్త భాషలో పడ్డ చిన్నపిల్లలు చాలామంది కొన్ని వారాలో, కొన్ని నెలలో మౌనంగా ఉంటారు. అది మొద్దుతనం కాదు, మొండితనం కాదు. చెవులు పని చేస్తూనే ఉంటాయి. లోపల మూట కట్టుకుంటూనే ఉంటారు. ఆ సమయంలో "మాట్లాడు, మాట్లాడు" అని వెంటపడితే మరింత ముడుచుకుపోతారు. పక్కన కూర్చోబెట్టి పని చేయిస్తూ, ఆటలో కలుపుతూ ఉంటే ఒకనాడు వాళ్ళంతట వాళ్ళే పలుకుతారు. మా పిల్ల పలికిన మొదటి జర్మను మాట "నైన్" అట. అంటే "ఊహూఁ". తన బొమ్మను ఎవరో లాక్కోబోతే అన్నదట!

అలాంటి గురువు ఇంట్లో ఉండగా నాకేం తక్కువ? మర్నాడు సాయంత్రం మెట్లమీద ఆ ముసలాయన కనపడగానే, మనుమరాలు నా చెయ్యి వదిలి ఆయనతో ఏదో గడగడా చెప్పింది. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "పది" అన్నట్టు రెండు చేతుల వేళ్ళూ చూపించి, మట్టి తవ్వుతున్నట్టు అభినయించాడు. "ఓపా తోటకు రేపు పది గంటలకు రమ్మంటున్నారు, తాతయ్యా" అన్నది పిల్ల. ఓపా అంటే వాళ్ళ భాషలో తాత.

ఇక తోట కథ వినండి. జర్మనీలో మేడల్లో వాటాలకు ఉండేవాళ్ళు ఊరి అంచున ఒక చిన్న మడి అద్దెకు తీసుకుని కూరగాయలు పండించుకుంటారు. అటువంటి మళ్ళు ఆ దేశంలో సుమారు 9 లక్షలున్నాయి. ఒక్కొక్కటి చట్టప్రకారం 400 చదరపు మీటర్లకు మించకూడదు, అంటే మన పది సెంట్ల నేల. అందులో 24 చదరపు మీటర్లకు మించకుండా చిన్న పాక వేసుకోవచ్చు, కాపురం మాత్రం పెట్టకూడదు. నేలలో దాదాపు మూడోవంతు పండ్లకూ కూరలకూ కేటాయించాలి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడువరకు చప్పుడు చేయకూడదని మా పెద్దాయన తోటలో ఒక నియమం. ఆ వేళ సుత్తి దెబ్బ వినపడితే పక్కమడివాళ్ళు మెడ సాచి చూస్తారు.

ఈ తోటలకు "ష్రేబర్ తోటలు" అని పేరు. ష్రేబర్ లైప్‌జిగ్‌లో ఉండిన ఒక వైద్యుడు. నగరపు పిల్లలకు ఆడుకునేందుకు ఆరుబయలు కావాలని చెప్పినవాడు. ఆయన 1861లో చనిపోయాడు. 1864లో హౌషిల్డ్ అనే బడి పెద్ద ఒక సంఘం పెట్టి, దానికి ఆ వైద్యుడి పేరు పెట్టాడు. మరుసటి ఏడు పిల్లల ఆటస్థలం తెరిచారు. గెసెల్ అనే పంతులుగారు ఆ ఆటస్థలం అంచుల్లో పిల్లలచేత పూలూ కూరలూ పండించేందుకు చిన్న చిన్న మళ్ళు వేయించాడు. ఆ తర్వాత ఏం జరిగి ఉంటుందో ఊహించండి! పిల్లలకు కలుపు తీయటం విసుగు పుట్టింది. వాళ్ళ మళ్ళను అమ్మలూ నాన్నలూ చేతికి తీసుకున్నారు. పిల్లల మళ్ళు కుటుంబాల మళ్ళయినాయి, చుట్టూ కంచెలు వచ్చినాయి. ఆ మొదటి సంఘం వారి ఇంట్లో ఇప్పుడు తోటల మ్యూజియం ఒకటి ఉన్నది. పంతుళ్ళు వేసిన మళ్ళు గదా అని నేను దానిని రెండుసార్లు చూసివచ్చాను.

మా పెద్దాయన మడిలో టొమాటోలు, చిక్కుళ్ళు, ముళ్ళ పొద ఒకటి, దోసపాదు ఉన్నాయి. ఒక వరసలో మన నూల్‌కోల్ కనపడేసరికి ప్రాణం లేచివచ్చింది. వాళ్ళు దానిని "కోల్‌రాబి" అంటారు. మన నూల్‌కోల్ అన్న పేరు డచ్చివాళ్ళ నోటినుంచి మనకు వచ్చింది. ఆ ఆకూ, దుంపా చూసి గుర్తుపట్టటానికి నాకు ఏ భాషా అక్కరలేకపోయింది.

మొదటివారం మేమిద్దరం మాట్లాడుకున్నది లేదు. ఆయన కర్ర పాతితే నేను మొక్క కట్టాను. నేను నీళ్ళు పోస్తే ఆయన కలుపు తీశాడు. కాని రోజూ పది కొట్టేసరికి నేను చెప్పులు వేసుకుని మెట్లు దిగవలసి ఉండేది. ఒకచోట ఒకవేళకు నాకోసం ఒకరు ఎదురుచూస్తున్నారన్న ఆ ఒక్క సంగతితో గోడగడియారం చప్పుడు సగం తగ్గిపోయింది. తోటలోకి పోయే దారిలో, ఎరగనివాళ్ళయినా సరే, ప్రతివాళ్ళూ "గూటెన్ టాగ్" అని పలకరిస్తారు. వైద్యుడి దగ్గర కాచుకుని కూర్చునే గదిలో కూడా లోపలికి వచ్చేవాడు అందరినీ కలిపి అలాగే పలకరిస్తాడు. నోరు తెరవటానికి ఆ ఒక్క ముక్క చాలు.

తర్వాత మాటలు పనివెంట వచ్చాయి. ఆయన చేతితొడుగులు ఇచ్చి "హాంట్‌షూ" అన్నాడు. హాంట్ అంటే చెయ్యి, షూ అంటే జోడు; చేతిజోడన్న మాట! గుల్ల లేని నత్తలు తోటను తినేస్తుంటాయి. వాటి పేరు "నాక్ట్‌ష్నెకె", అంటే దిసమొల నత్త. ఈ పేరు విని మా మనుమరాలూ నేనూ నవ్విన నవ్వుకు పక్కమడివాళ్ళు మెడ సాచారు. ఇరవై అయిదును వాళ్ళు "అయిదూ ఇరవై" అని వెనకనుంచి చెపుతారు. కుండీలు లెక్కపెట్టేటప్పుడు నాకు ఇదొక వ్యాయామం.

ఆయనా ఊరుకోలేదు. నీళ్ళు పోస్తూ నేను "చాలు" అనటం విని, తనకు కాఫీ పోసేటప్పుడు చెయ్యి అడ్డంపెట్టి "చాలూ!" అనటం మొదలుపెట్టాడు. పిల్ల నన్ను పిలిచే పిలుపే నా పేరనుకుని "హెర్ తాతయ్య" అనేవాడు. హెర్ అంటే గారు. నేను సరిదిద్దలేదు. సాయంత్రం విడిపోయేటప్పుడు "మోర్గెన్" అనేవాడు. ఆ మాటకు ఉదయమనీ అర్థమే, రేపు అనీ అర్థమే. చిత్రమేమిటంటే మన "రేపు" కూడా అంతే: పాత తెలుగులో దానికి తెల్లవారుజామని అర్థం ఉన్నది, రేపకడ అన్నది అందులోదే. ఈ సంగతి ఆయనకు చెప్పాలని ఎంతో ప్రయత్నించాను. సూర్యుడి బొమ్మ గీశాను. ఆయన తల ఊపి, పొద్దుతిరుగుడు మొక్కకు నీళ్ళు పోశాడు!

పాకలో రెండు కుర్చీలుండేవి. ఒకదాని వీపుకు ఆడవాళ్ళ తోటటోపీ ఒకటి తగిలించి ఉండేది. మూడోవారంలో ఆయన ఆ టోపీ తీసి మేకుకు పెట్టి, నన్ను ఆ కుర్చీలో కూర్చోమన్నాడు. భార్య పోయి నాలుగేళ్ళయిందని వేళ్ళు చూపించాడు. నేను కూడా వేళ్ళు చూపించాను, ఆరు. ఆ రోజు కాఫీ చల్లారిపోయింది. సొంత ఊళ్ళో, సొంత భాషలో ఉన్నవాడికి కూడా పది గంటలవేళ ఎదురుచూసే మనిషి కావాలన్నది నాకు అప్పుడే తెలిసింది.

జులైలో ఒకరోజు పక్కనే ఉన్న హాలే పట్టణానికి పోయి వచ్చాను. రైలులో అరగంట పైచిలుకు. అక్కడ 1698లో మొదలయిన ఫ్రాంకె అనే ఆయన విద్యాసంస్థలు నేటికీ ఉన్నాయి. అక్కడివారు పంపగా బెంజమిన్ షుల్జ్ అనే మతబోధకుడు 1719లో తరంగంబాడి చేరి, తర్వాత మద్రాసులో తెలుగు నేర్చుకున్నాడు. 1728లో లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాశాడు. 1743లో తన దేశం చేరాక, 1746లో ఆ హాలేలోనే తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. అచ్చయిన తెలుగు పుస్తకాలలో మొదటివి అవేనంటారు. ఆ రాతిమెట్లమీద కూర్చుని నేను ఆలోచించింది ఆయన పాండిత్యాన్ని గురించి కాదు. మద్రాసులో ఆయన చెవిన పడ్డ మొదటి తెలుగు మాట ఏమయివుంటుందా అని!

నేను బయలుదేరేనాటికి టొమాటోలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఆగస్టులో ఎర్రబడ్డాయట. పెద్దాయన ఒక బుట్టెడు తెచ్చి మా అమ్మాయి గుమ్మంలో పెట్టాడు. అమ్మాయి వాటితో పప్పు చేసి, ఆయనను భోజనానికి పిలిచింది. ఒక ముద్ద తిని రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగాడట. ఇంకాస్త వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టి ఏమన్నాడో మీకు వేరే చెప్పనక్కరలేదు.