ఖాలా, టర్కీ, పదకొండు గుడ్లు

రంజాన్ ఈద్ పోయిన రెండు వారాలకు, జుమ్మా రోజు పన్నెండు గంటలప్పుడు మా పెరట్లో ఒక గుడ్డు పేలింది. పగిలింది అనడం లేదు, పేలింది అంటున్నాను. మా చిన్నోడు గుస్ల్ చేసి, ఈద్‌కు కుట్టించిన తెల్ల కుర్తా తొడుక్కొని, అత్తర్ కూడా పూసుకొని, మసీదుకు పోయే ముందు ఊరికే ఉండలేక పొదుగు మీదున్న టర్కీ దగ్గరికి పోయినాడు. అది మేతకు లేచి ఉంది. వాడు ఒక గుడ్డు చేతిలోకి తీసుకొని చెవి దగ్గర ఊపినాడు. అంతే, ఫట్‌మని పేలింది. వాసన వంటింట్లో ఉన్న నాదాకా వచ్చింది. గ్యాస్ సిలిండర్ లీకైందేమోనని ముందు స్టవ్ ఆర్పేసినాను.

పిల్లోడికి మళ్లీ గుస్ల్, మళ్లీ బట్టలు. ఆ కుర్తాను మూడు నీళ్లలో పిండినా, సాయంత్రానికి కూడా దండెం దగ్గరికి పోలేకపోయినాం. ఖుత్బా సగంలో మసీదు చేరుకున్నాడంట. నమాజ్ అయినాక హాఫిజ్ సాబ్‌ను పోయి అడిగినాడు: "అది పగలకుండా నా జేబులోనే ఉండి ఉంటే నా నమాజ్ అయ్యేదా?" ఆయన నవ్వి, మన హనఫీ ఫిఖహ్ కితాబుల్లో ఈ మస్అలా ఎప్పుడో రాసిపెట్టినారని చెప్పినారంట. లోపల సొన రక్తంగా మారిన గుడ్డు జేబులో ఉన్నా నమాజ్ అవుతుంది. నజాసత్ అది పుట్టిన చోటే ఉంది కాబట్టి దానికి హుకుం పడదు. అదే నజాసత్‌ను సీసాలో పోసుకొని జేబులో పెట్టుకుంటే మాత్రం కాదు. గుడ్డు పగిలి బట్టల మీద పడితే ఇక చెప్పేదేముంది.

నేను మాత్రం నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు ఫోన్ కలిపినాను. కోళ్ల సంగతి ఏదైనా మా ఖాందాన్‌లో ఆఖరి మాట ఖాలాదే.

"ఎన్ని రోజులైంది కూర్చొని?"

"ఇరవై రెండు."

"వెలుతురు పట్టి చూసినావా?"

"లేదు ఖాలా."

"ఒక్కసారి కూడానా?"

నేను పలకలేదు. ఆమె "ఠైర్, నేనే వస్తా" అని పెట్టేసింది. రోడ్డు బాగుంటే ఆళ్లగడ్డ నుంచి శిరివెళ్ల మీదుగా మా ఊరికి గంట ప్రయాణం, నలభై కిలోమీటర్లు. మగ్రిబ్‌కు ముందే సంచీ పట్టుకొని దిగింది. సంచీలో రెండు చీరలు, జానమాజ్, పాత గుడ్డపీలికలు, ఒక అట్టపెట్టె.

ఈ టర్కీల గురించి ఒక మాట చెప్పాలి. ఉర్దూలో దీన్ని ఫీల్ ముర్గ్ అంటారు, అంటే ఏనుగు కోడి. కొందరు పీరూ అంటారు. ఇంగ్లీషోళ్లు టర్కీ అన్నారు. టర్కీ దేశంలో దీని పేరు హిందీ, అంటే మనదని వాళ్ల లెక్క. అరబ్బులు రూమీ పుంజు అంటారు. అసలు వతన్ మెక్సికో వైపు. ఎవరికి వాళ్లు ఇది పక్క దేశానిదని చెప్పుకొనే పక్షి మా ఇంట్లో జామచెట్టు కింద కూర్చొని ఉంది.

ఖాలా ఇషా అయినాక పని మొదలుపెట్టింది. చీకట్లోనే చేయాలంట. వెలుతురుంటే పక్షి బెదురుతుంది, గుడ్డు లోపల కూడా సరిగా కనపడదు. పెరట్లో లైట్లన్నీ ఆర్పించి, అట్టపెట్టెకు రూపాయి బిళ్లంత బెజ్జం చేసి, లోపల నా మొబైల్ టార్చ్ పెట్టింది. ఒకప్పుడు ఇదే పని లాంతరు ముందు కాగితం గొట్టం పట్టి చేసేది. చెయ్యి టర్కీ పొట్ట కింద మెల్లగా దోపి, ఒక్కో గుడ్డు తీసి, మందపు కొన బెజ్జం మీద ఆనించి చూసింది.

మొదటి గుడ్డు ఎర్రటి లాంతరు లాగా ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వెలిగింది. ఏమీ లేదు, ఖాళీ. రెండోది ముప్పాతిక నల్లగా ఉండి, పైన గాలి గది మాత్రం తేటగా కనపడింది. ఆ నలుపు అంచు దగ్గర ఏదో కదిలింది. "జిందా హై," అంది ఖాలా, గొంతు తగ్గించి. ఇంకొకదాంట్లో నలుపు ఉంది గానీ అంచు సరిగా లేదు, వంచితే నీళ్లలాగా అటూ ఇటూ పారింది. పెంకు మీద చెమట పట్టినట్టు తడి, దగ్గర పెట్టుకుంటే వాసన. దాన్ని మాత్రం ఊపిరి బిగబట్టి తడిగుడ్డలో చుట్టి పక్కన పెట్టింది. లోపల క్రిములు చేరి గ్యాస్ పుట్టిస్తాయి, బయటికి పోయే దారి చాలక అది బాంబు అవుతుంది. ఇంకొకదాంట్లో రక్తపు గీత ఒకటి ఉంగరంలా చుట్టుకొని ఉంది, అంటే మొదట్లోనే ప్రాణం పోసుకొని ఆగిపోయిందన్నమాట.

లెక్క తేలింది. పదకొండులో ఒకటి పేలింది. మూడు ఖాళీ. ఒకటి గందా. ఒకటి మధ్యలో ఆగింది. ఐదు జిందా.

ఈ చూపు ఏడో రోజే చూసి ఉండాలి. నాటుకోడికి ఇరవై ఒక్క రోజులు, టర్కీకి ఇరవై ఎనిమిది. ఏడెనిమిదో రోజుకు బతికిన గుడ్డులో సాలెగూడు లాగా నరాలు కనపడతాయి, కనపడనిదాన్ని అప్పుడే తీసేయచ్చు. అనుమానం ఉంటే పెంకు మీద పెన్సిల్‌తో గీత గీసి ఇంకో మూడు రోజులు ఆగి మళ్లీ చూడాలి. తొందరపడి జిందా గుడ్డు పారేసిన పాపం ఖాలాకు కూడా ఉంది, చిన్నప్పటిది. ఇప్పటికీ తౌబా అంటుంది.

మరి ఎందుకు కుళ్లింది? ఆ రాత్రి ఖాలా నన్ను నిలబెట్టి అడిగింది. గుడ్లు ఎక్కడ దాచినావు? ఫ్రిజ్ మీద. ఎన్ని రోజులు? అన్నీ కూడేదాకా, పదిహేను పదహారు రోజులు. ఫ్రిజ్ మీద వెచ్చగా ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. కోడి పొట్ట కింద వేడి ముప్పై ఏడున్నర డిగ్రీల దగ్గర ఉంటుంది. మన నంద్యాల మధ్యాహ్నాలు దాన్ని దాటి పోతాయి. కోడి కూర్చోకముందే గుడ్డులో ప్రాణం కొంచెం కదిలి, రాత్రికి ఆగి, మళ్లీ కదిలి, ఆఖరికి అలిసి చచ్చిపోతుంది. వారానికి మించి దాచకూడదు, ఎండాకాలం అయితే మూడు నాలుగు రోజులే.

"కడిగినావా?"

కడిగినాను. బిస్మిల్లా చెప్పి, కుళాయి కింద ఒక్కోటి రుద్ది రుద్ది కడిగినాను. పాకీ విషయంలో నాకున్న పిచ్చి మా ఇంట్లో అందరికీ తెలిసిందే. గుడ్డు పెంకు నిండా కంటికి కనపడని బెజ్జాలు వేలల్లో ఉంటాయంట. పెట్టేటప్పుడే దాని మీద సన్నటి పొర ఒకటి వస్తుంది, ఆ బెజ్జాలను కాపాడేది అదే. దాన్ని నేను రుద్ది పారేసినాను. పైగా చల్లనీళ్లు. చల్లనీళ్లు తగిలితే లోపలిది ముడుచుకొని బయటి మురికిని బెజ్జాల్లోంచి లోపలికి పీలుస్తుంది. శుభ్రం చేయబోయి నేనే కుళ్లించినాను, టర్కీ ఖతా ఏమీ లేదు. కొంచెం మురికైతే పొడిగుడ్డతో తుడవాలి, మరీ మురికైతే పొదగెయ్యకుండా పక్కన పెట్టేయాలి.

పేలిన గుడ్డు మిగతావాటి మీద చిందింది. ఖాలా వాటిని గోరువెచ్చటి నీళ్లలో పిండిన పీలికతో అద్ది అద్ది తుడిచింది, ముంచలేదు. కింది గడ్డి మొత్తం తీసేసి కొత్త వరిగడ్డి పరిచింది. అరగంటలో అన్నీ మళ్లీ టర్కీ కిందికి పోయినాయి. అదీ రెక్కలు సర్దుకొని ఏమీ జరగనట్టు కూర్చుంది.

పాడైనవాటిని చెత్తలో వేయకూడదు. కుక్క ఒక్కసారి రుచి మరిగితే రోజూ గూటికే వస్తుంది. పెరటి మూలలో మోచేయి లోతు గుంత తీసి, గుడ్డతో సహా గందా గుడ్డును మెల్లగా దించి, మన్ను పూడ్చి, ఆ తర్వాత పైనుంచి కట్టెతో పొడవాలి. లోపల పుస్సుమంటుంది, వాసన మన్నులోనే ఆగిపోతుంది.

పొద్దున పక్కింటి ఆపా గోడ మీదుగా వచ్చి లెక్క వినింది. "మూడు ఖాళీయా? అయితే ఇది గొడ్డుది మా, అమ్మేయ్. రేటున్నప్పుడే అమ్మేయ్."

ఖాలా జొన్నలు చల్లుతూ ఉంది. తల ఎత్తలేదు.

చదివేవాళ్లకు ఖాలా సంగతి తెలియదు కాబట్టి చెబుతున్నా. ఆమెను అడిగే చెబుతున్నా. ఆళ్లగడ్డలో నికాహ్ అయిన తొమ్మిదేళ్లకు కూడా ఆమెకు ఔలాద్ లేదు. ఆ తొమ్మిదేళ్లు ఆమెను తిప్పని దర్గా లేదు, తాగించని కషాయం లేదు. తావీజులు, దారాలు, హకీములు. ఎవరింట్లో ఛట్టీ జరిగినా ముందు వరసలో కూర్చోనిచ్చేవాళ్లు కాదు. ఖాలూకు రెండో నికాహ్ చేయాలని అత్తగారు అమ్మాయిని కూడా చూసింది. అప్పుడు కర్నూలులో ఒక డాక్టరమ్మ ఇద్దరికీ పరీక్షలు చేయించాలని పట్టుబట్టింది. చేయించుకున్నారు. కాగితం వచ్చింది. ఇంటికొచ్చినాక ఖాలూ రెండో నికాహ్ మాట ఎత్తనివ్వలేదు, అత్తగారితో మూడు నెలలు మాట్లాడలేదు. అంతకు మించి ఎవరికీ ఏమీ తెలియదు. జనం మాత్రం ఆమెనే అంటూ పోయినారు, ఆమె అనిపించుకుంటూ పోయింది. ఖాలూ ఇంతెకాల్ అయి ఆరేళ్లు. కోళ్ల పైసలతో ఆమె నా బీఈడీ ఫీజు కట్టింది, మా తమ్ముడికి మొదటి సైకిల్ కొనిచ్చింది.

ఆపా పోయినాక ఖాలా నా దగ్గరికి వచ్చి, చాలాసేపు టర్కీ వైపు చూస్తూ నిలబడింది.

"ఐదు జిందా ఉన్నాయి కదా. అవీ ఇది పెట్టినవే కదా?"

"అవును ఖాలా."

"మూడు ఖాళీగా ఉంటే దీన్ని అమ్మమంటారు. నువ్వు దాచిన తీరు ఎవరూ అడగరు. ఆ ముర్గాను చూడు, ఎంత బరువెక్కి పోయిందో, సరిగా నడవలేకుండా ఉంది. దాన్ని ఒక్కరూ చూడరు."

మా మగ టర్కీ తోక విప్పుకొని, తమాషాగా గుడగుడలాడుతూ అటు ఇటు తిరుగుతా ఉంది. కాగితంలో ఏముందో నేను అడగలేదు. ఇప్పుడైనా అడగచ్చేమోనని నోటిదాకా వచ్చింది, మింగేసినాను. ఆమె గిన్నెలో మిగిలిన జొన్నలు టర్కీ ముందు పోసింది.

ఇరవై ఎనిమిదో రోజు ఫజర్ తర్వాత పెంకులు చిట్లే చప్పుడు మొదలైంది. అసర్‌కల్లా నాలుగు పిల్లలు. ఐదోది బెజ్జం చేసి ఆగింది. నేను గిల్లి సాయం చేస్తానంటే ఖాలా చెయ్యి పట్టుకుంది. లోపల రక్తం ఇంకా పెంకు పొరకు అంటుకొని ఉంటుంది, గిల్లితే పిల్ల రక్తం కారి చచ్చిపోతుంది. మరుసటి రోజు పొద్దునదాకా చూసినాం. అది రాలేదు. ఇన్నాలిల్లాహి అని ఆమే తీసుకుపోయి గుంతలో పెట్టింది.

టర్కీ పిల్లలకు తినడం నేర్పాలి, లేకపోతే మేత ముందే ఆకలితో చస్తాయి. ఉడికించిన గుడ్డు మెదిపి నేల మీద వేసి, ఖాలా తన చూపుడు వేలితో టక టక కొట్టి చూపించింది. నాలుగూ ఆ వేలి వెనక పరుగెత్తినాయి. వాటిని నాటుకోళ్ల దొడ్లోకి వదలొద్దని నాకు గట్టిగా చెప్పింది. కోళ్లకు ఏమీ కాని రోగం టర్కీలను చంపుతుంది.

ఆదివారం ఆమె ఆళ్లగడ్డకు పోయే రోజు ఆపా మళ్లీ గోడ దగ్గరికి వచ్చింది.

"ఏం మా, అమ్ముతున్నావా?"

నేను నోరు తెరిచేలోపలే ఖాలా సంచీ భుజానికి తగిలించుకుంటూ అంది:

"ముర్గాను అమ్ముతాం. కొంటావా?"