కార్డు లేని కౌలుదారు

మిచాంగ్ తుఫాను 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. టీవీలన్నీ బాపట్ల వైపే చూశాయి. అంతకు ముందే అది చెన్నైకీ నెల్లూరుకీ ఎదురుగా సముద్రంలో నింపాదిగా కదులుతూ మా తట్టు వానంతా కుమ్మరించింది. మా ఊరు వాకాడు స్వర్ణముఖి నది కొసన ఉంది. పైన తిరుపతిలో, శ్రీకాళహస్తిలో, నాయుడుపేటలో పడిన వాన మా బ్యారేజీ దాటుకునే సముద్రంలోకి పోవాలి. సముద్రం పోటు మీదుంటే ఆ నీళ్లు వెనక్కి తన్ని చేలల్లో నిలబడిపోతాయి.

డిసెంబరంటే మా దగ్గర నారుమళ్లూ కొత్త నాట్లూ ఉండే కాలం. నీళ్లు తీశాక చిన్నాన్న వీడియో కాల్‌లో నారు పీకి చూపించాడు. వేరు నల్లబడిపోయింది. రెండు వేళ్ల మధ్య నలిపితే జిగురులా జారిపోయింది. "మళ్లా పోసుకోవాల్సిందే నాయనా" అన్నాడు. ఇత్తనాలు, దుక్కి, కూలీలు, అన్నీ రెండోసారి. అప్పు కూడా రెండోసారే.

సంక్రాంతికి ఊరెళ్లేసరికి చేను పచ్చగానే ఉంది. మునిగిన నారుకు పరిహారం సంగతి అడిగాను. "కార్డు ఉందా అన్నారు. ఆసామి సంతకం పెడితే గదా కార్డు ఇచ్చేది!" అన్నాడు.

ఆయన చేసేది కౌలు సేద్యం. పంట సాగుదారుల హక్కుల చట్టం 2019లో వచ్చింది. కౌలు రైతుకు పదకొండు నెలలకు కార్డు ఇస్తారు, దానివల్ల భూమి యజమాని హక్కుకు ఏ ఢోకా లేదని చట్టమే చెబుతోంది. అయినా సంతకం పెట్టాలంటే ఆసాములకు భయం. కార్డు లేకపోతే మునిగిన పంట ఎవరు వేసిందో ఊరందరికీ తెలిసినా కాగితానికి తెలియదు.

కాగితం మరోలా పనిచేయడం నేను అమెరికాలో చూశాను. 2017 ఆగస్టులో హ్యూస్టన్‌లో హార్వే తుఫాను వచ్చింది. అదే టెక్సాస్‌లోని నెదర్‌లాండ్ ఊళ్లో 60 అంగుళాల పైన వాన పడింది. మేం హ్యూస్టన్‌లో కింది అంతస్తులో అద్దెకుండేవాళ్లం. మంచాలు, పుస్తకాలు, తడిసి ఉబ్బిన షీట్‌రాక్ గోడ ముక్కలు వీధి పొడుగునా గుట్టలు పడ్డాయి. అక్కడి విపత్తు సహాయ సంస్థ ఫెమాకు దరఖాస్తు పెడితే లీజు కాపీ అడిగారు, ఇంటాయన సంతకం అడగలేదు. ఇల్లు ఆయనది, పోయిన సామాను మాది, అంతే. అక్కడా అంతా సవ్యంగా లేదు. హెచ్‌-1బీ వీసా మీదున్న మనవాళ్లకు ఆ సాయానికి అర్హతే లేదు. అక్కడే పుట్టిన పిల్లలున్నవాళ్లు మాత్రం పిల్లల తరఫున పెట్టుకోగలిగారు. అయినా నష్టపోయింది అద్దెకున్నవాడని ఒప్పుకోవడం ఆ పద్ధతిలో ఉంది. మా ఊళ్లో లేనిది అదే.

మా తీరానికి తుఫానులు కొత్త కాదు. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తుఫాను తీరం దాటినప్పుడు ఆరువందల మందికి పైగా చనిపోయారు. అమ్మ ఆ రాత్రి గురించి ఇప్పటికీ గొంతు తగ్గించే మాట్లాడుతుంది. ఇప్పుడు ముందే హెచ్చరికలొస్తున్నాయి. మా తీరంలోని తూపిలిపాలెం మత్స్యకారులు పడవలు పైకి లాగి, వలలు కట్టేసి, పిల్లల్ని తీసుకుని ఇల్లు ఖాళీ చేస్తున్నారు. ప్రాణాలు కాపాడుకోవడం నేర్చుకున్నాం. అది చిన్న విజయం కాదు. ప్రాణం మిగిలినవాడు మర్నాడు దేంతో బతకాలో చూడటమే మిగిలింది.

తుఫాను వచ్చిన ప్రతిసారీ ఊరికి దూరంగా ఉన్నవాళ్లం బియ్యానికీ దుప్పట్లకీ డబ్బులు పోగుచేసి పంపుతాం. పంపాలి కూడా. కానీ సంతకం పెట్టని ఆసాముల్లో చాలామంది మనమే. డాలస్‌లో, న్యూజెర్సీలో, హైదరాబాదులో ఉంటూ వాకాడు, కోట, చిల్లకూరు మండలాల్లో పొలం కౌలుకిచ్చినవాళ్లం. మా నాన్న పేరు మీదున్న రెండెకరాలకు కిందటేడు సంతకం పెట్టించాను. చేసుకుంటున్న ఆయనకు కార్డు వచ్చింది, పొలం మా పేరు మీదే ఉంది. మీ పొలం ఎవరు దున్నుతున్నారో వాళ్లకు ఈ వారమే ఫోను చేయండి. నారు పోసే లోపల కార్డు చేతికి రావాలి.