పాత 800, కొత్త ఎన్ లైన్, మన రోడ్డు

మారుతి 800 మొదటి బండి తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఇచ్చింది 1983 డిసెంబరు 14న. తయారీ ఆగిపోయింది 2014 జనవరిలో. మన జాలహళ్ళి క్యాంపుల్లో మాత్రం అది ఇంకా ఆగలేదు. మా ఇంట్లో ఉన్నది 2004 బండి. దాని పక్కన ఇప్పుడు అన్నయ్యగారబ్బాయి కొన్న హ్యుండాయ్ ఐ20 ఎన్ లైన్ నిలబడింది. వచ్చినవాళ్ళంతా రెంటినీ చూసి ఏదో ఒక తీర్పు చెప్పిపోతున్నారు. రెండూ నడిపేది మేమే కాబట్టి మా మాటా వినండి.

రెండిటికీ మూడే సిలిండర్లు. దానిది 796 సీసీ, దీనిది 998. తేడా పావు లీటరు కూడా లేదు. కానీ దానికి 37 హార్స్‌పవర్, దీనికి దాదాపు 120. అదంతా టర్బో మహిమ. సైలెన్సర్లోంచి ఊరికే పోయే పొగతో చిన్న చక్రాన్ని తిప్పి, ఇంజన్లోకి గాలిని కుక్కుతుంది. గాలి పెరిగితే పెట్రోలు ఎక్కువ కాలుతుంది, బండి దూకుతుంది.

800 బరువు సుమారు 650 కిలోలు. వానాకాలం నల్లరేగడిలో దిగబడితే నలుగురం దిగి నెట్టేస్తాం. కొత్తదాన్ని నెట్టడం మా వల్ల కాలేదు, ట్రాక్టరు పిలిచాం. (అబ్బాయి ఈ సంగతి రాయొద్దన్నాడు.)

పెద్దవాళ్ళు "పాతది గట్టి బండిరా" అంటుంటే మేం ఒప్పుకోం. 800 రేకు పల్చన, మా బండికి ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు. 60 మీద గుద్దుకుంటే కొత్త బండిలో ఉండటమే నయం. చిక్కల్లా ఏమిటంటే, కొత్త బండిని 60 మీద ఎవరూ నడపరు. పాతది 80 దాటితే ఒళ్ళంతా వణికి మనకి చెబుతుంది. ఇది 120లో కూడా పాట వినిపిస్తూ హాయిగా పోతుంది.

వేగం రెట్టింపైతే బ్రేకు దూరం నాలుగింతలవుతుంది. పొడి రోడ్డు మీద మంచి బ్రేకులతో 60కి ఇరవై మీటర్లు చాలితే, 120కి ఎనభై కావాలి. కాలు బ్రేకు మీదికి వెళ్ళే ఒక్క సెకనులో ఇంకో 33 మీటర్లు. అంత దూరం లో బీమ్ వెలుగు అందదు. ఆ చీకట్లో ఉండేది ఏమిటో మీకు తెలుసు: పత్తి లోడుతో, వెనక లైటు లేకుండా పోయే మన ట్రాలీలే. అబ్బాయి దేవదుర్గం నుంచి రాత్రి పది దాటి వస్తాడు. వచ్చేదాకా వదిన పడుకోదు.

కారు అమ్మెయ్యమని వాడికి చెప్పం, వాడి కష్టార్జితం. చీకటి పడ్డాక 70 దాటనని వాళ్ళమ్మకి మాటిచ్చాడు. రెండో సగం మన చేతుల్లో ఉంది. ఎర్ర రేడియం టేపు నాలుగు చుట్టలు తెప్పించాం. వచ్చే ఆదివారం ఉదయం క్యాంపు గుడి దగ్గరికి ట్రాలీలు తోలుకురండి, వెనక పలక మట్టి కడిగి మరీ తెండి, తడి ఉంటే అంటుకోదు. ఎడ్లబండ్లున్నవాళ్ళు కూడా రావచ్చు. రాలేనివాళ్ళు ఇక్కడ చెప్పండి, సాయంత్రం 800 వేసుకుని మేమే మీ కళ్ళాల దగ్గరికి వస్తాం.