హోల్డింగ్ వైరు దగ్గర దొరికిన గురువు

పచ్చ బటన్ నొక్కినంతసేపే మోటరు తిరుగుతోంది. వేలు తీస్తే ఆగిపోతోంది. స్టార్టర్ వైరింగ్ చేసిన కుర్రాడు మళ్లీ నొక్కి చూసి బిక్కమొహం వేశాడు.

"ఎందుకు నిలబడిపోయింది అబ్బీ? మీ చేనుకాడ బోరు స్టార్టర్ ఇట్లనే ఆగిపోతాదా?" అన్నాడు ఇన్‌స్ట్రక్టర్. జవాబు మాత్రం చెప్పలేదు. మెయిన్ ఆఫ్ చేయించి, టెస్టర్ పెట్టి చూడమని, బోర్డు మీది సర్క్యూట్ పక్కన నిలబడ్డాడు. కుర్రాడు కాంటాక్టర్ మీదికి వంగి ఒక్కో వైరూ వేలితో తడిమాడు. "హోల్డింగ్ ఇయ్యలేదు సార్!" స్టార్ట్ బటన్‌కు సమాంతరంగా ఆ చిన్న కాంటాక్ట్ కలిపితేనే, వేలు తీశాక కూడా కాయిల్‌కు కరెంటు అందుతుంది.

జమ్మలమడుగు దగ్గర ఒక ఐటీఐ షెడ్డులో నేను చూసిన ఈ ఇన్‌స్ట్రక్టర్‌కు ఇంజనీరింగ్ డిగ్రీ లేదు, బీఈడీ లేదు. తనూ ఐటీఐ ఎలక్ట్రీషియనే. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టర్ల కింద పనిచేశాడు. మైలవరం మండలంలో సోలార్ పార్కు కట్టేటప్పుడు ప్యానెళ్ల కింద కేబుళ్లు లాగాడు. ఈరోజు అన్ని అర్హతలూ ఉన్న గురువు.

ప్రభుత్వ హైస్కూల్లో పాఠం చెప్పాలంటే డిగ్రీ, బీఈడీ, టెట్, డీఎస్సీ దాటాలి. ఐటీఐల లెక్క వేరు. కేంద్ర శిక్షణ డైరెక్టరేట్ నిబంధనల్లో మూడు దారులున్నాయి: ఇంజనీరింగ్ డిగ్రీతో ఏడాది అనుభవం, డిప్లొమాతో రెండేళ్లు, ఐటీఐ లేదా అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్‌తో మూడేళ్లు. ఏ దారిన వచ్చినా జాతీయ క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ తప్పనిసరి. ఇంకో నిబంధన కూడా ఉంది. ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లున్న చోట ఒకరు డిగ్రీ లేదా డిప్లొమా చదివినవారైతే రెండోవారు ఐటీఐ నుంచి వచ్చినవారే కావాలి. పనిచేసిన చేతికి క్లాసులో చోటు ఖాయం చేసిన ఈ మాట నాకు ఎంతో నచ్చింది.

ఆ సర్టిఫికెట్ ఇచ్చే కోర్సు పేరు సీఐటీఎస్. ఇన్‌స్ట్రక్టర్ల కోసం తొలి కేంద్ర శిక్షణ సంస్థ 1948లో బిలాస్‌పూర్ దగ్గరి కోనిలో మొదలైంది. ఇప్పుడు అఖిల భారత ప్రవేశ పరీక్ష రాసి చేరాలి. ఏడాదిలో 1,200 గంటలు. అందులో 450 గంటలు అచ్చంగా పాఠం చెప్పడం ఎలాగో నేర్చుకోవడానికే: లెసన్ ప్లాన్ రాయడం, చేసి చూపించడం, పిల్లల చేత చేయించడం, పరీక్షించడం.

"పని నాకు ముందే వచ్చు సార్. నోరు మూసుకొని పిల్లోని చేత చేయించడం హైదరాబాద్‌లో నేర్చుకున్నా" అన్నాడాయన. అక్కడి విద్యానగర్ శిక్షణ సంస్థలో ఉన్న ఆ ఏడాదంతా కూలి లేదు, ఇల్లు భార్య సంపాదన మీదే నడిచింది.

చాలామంది ఆగిపోయేది ఇక్కడే. ఇప్పటికే ఐటీఐల్లో చెబుతున్నవారికి అనుభవాన్ని లెక్కలోకి తీసుకుని సర్టిఫికెట్ ఇచ్చే ఆర్పీఎల్ పద్ధతి ఉంది. ఫ్యాక్టరీలోనో ప్లాంటులోనో ఉన్న మనిషి మాత్రం ఇల్లు వదలాలి. 1,650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం (ఆర్టీపీపీ), సిమెంటు ఫ్యాక్టరీలు, సోలార్ పార్కు ఉన్న ఈ ప్రాంతంలో అట్లాంటి చేతులకు కరువు లేదు. ఇంజనీర్లను తయారుచేయడానికి పులివెందులలో జేఎన్‌టీయూ కాలేజీ 2006లోనే వచ్చింది, ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ 2008లో మొదలైంది, ప్రొద్దుటూరులో వేమన వర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. ఇన్‌స్ట్రక్టర్ల కోసం కూడా వీటిలో ఒక్క చోటైనా ల్యాబులు వాడుకుని, స్టైపెండు ఇచ్చి సీఐటీఎస్ బ్యాచ్ నడపాలి. అది అయ్యే పనే.

షెడ్డులో గండికోట వైపు నుంచి వచ్చే అమ్మాయి ఒకతి ఉంది. తనూ ఇన్‌స్ట్రక్టర్ కావాలంటుంది. హైదరాబాద్‌లో ఆడపిల్లలకు ప్రత్యేక శిక్షణ సంస్థ ఉందని సారే చెప్పాడట. "ప్రవేశ పరీక్ష తర్వాత రాద్దువులే అమ్మా. ముందు ఆర్టీపీపీలో అప్రెంటిస్‌కు అప్లై చెయ్యి, ప్యానెల్ బోర్డు మీద చెయ్యి తిరగనీ" అంటూ ఆమె తెచ్చిన అప్రెంటిస్ ఫారం తీసుకుని, ఖాళీగా వదిలిన గడులు ఒక్కొక్కటీ చూపిస్తూ నింపించాడు.