నిండు సిగ్నల్, కదలని వీడియో

వికారాబాద్ బ్లాక్ గ్రౌండ్‌లో జరిగే టెన్నిస్ బంతి క్రికెట్ టోర్నమెంటు మొబైల్ నెట్ మీద ఎంతగా ఆధారపడిందో తెలియాలంటే స్కోరర్ పక్కన కాసేపు నిలబడితే చాలు. స్కోరు పుస్తకం ఎప్పుడో పోయింది. బంతి పడ్డ ప్రతిసారీ ఫోన్ మీద బొటనవేలు కదులుతుంది. పరుగు, వైడు, వికెట్ అప్పటికప్పుడే యాప్‌లోకి ఎక్కుతాయి. బతుకుదెరువుకు వేరే ఊళ్లలో ఉన్నవాళ్లు అక్కణ్నుంచే ఆట చూస్తారు. బౌలర్ వెనక ట్రైపాడ్ మీద ఇంకో ఫోన్ యూట్యూబ్ లైవ్ ఇస్తుంటుంది. జనం పలచగా ఉండే ఉదయపు ఆటల్లో ఇదంతా సాఫీగానే సాగుతుంది. ఫైనల్ వేళకు జనం బౌండరీ గీత చుట్టూ మూడు నాలుగు వరసలు కట్టారంటే లైవ్ బొమ్మ ముక్కలవుతుంది, స్కోరు ఓవరు ఆలస్యంగా చేరుతుంది, మిర్చి బజ్జీల బండి దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినవాడు తిరుగుతున్న చక్రాన్నే చూస్తూ నిలబడతాడు. అదే ఫోన్లో సిగ్నల్ గీతలు మాత్రం నిండుగా ఉంటాయి. సిగ్నల్ చేరడం వేరు, చేరిన చోట అందరికీ సరిపడా జాగా ఉండటం వేరు. ఇన్నేళ్లూ మనం మొదటిదాన్ని కొలిచి, రెండోది దానంతటదే ఉంటుందని అనుకున్నాం. స్టేడియాల్లో, జాతరల్లో నెట్ చచ్చిపోవడానికి మూలం ఇక్కడుంది.

ఈ తేడా పట్టుబడాలంటే ఇదే జిల్లాలో పూడూరు మండలం వైపు చూడాలి. దామగుండం అడవిలో నౌకాదళం కట్టే వీఎల్‌ఎఫ్ కేంద్రానికి 2024 అక్టోబరు 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. తిరునెల్వేలి దగ్గరి ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్ తర్వాత దేశంలో ఇలాంటిది ఇది రెండోది. అడవి గురించి స్థానికులు పడ్డ ఆందోళన న్యాయమైనదే, దాని గురించి విడిగా రాయాలి. ఇక్కడ చూడాల్సింది ఆ తరంగాల స్వభావం. వీఎల్‌ఎఫ్ అంటే అతి తక్కువ పౌనఃపున్యం, 3 నుంచి 30 కిలోహెర్ట్జ్; ఒక్కో అల పొడవు 10 నుంచి 100 కిలోమీటర్లు. వేల కిలోమీటర్లు పోయి, సముద్రపు నీళ్లలో కొంత లోతుకు దిగి జలాంతర్గామిని అందుకుంటుంది. అయితే అది మోసేది సెకనుకు కొన్ని వందల బిట్లే. చిన్న ఆజ్ఞ పంపొచ్చు, ఫొటో పంపలేం. క్రికెట్ స్టేడియానికి కావాల్సింది దీనికి పూర్తిగా తలకిందులు: సిగ్నల్ వంద మీటర్లు దాటక్కర్లేదు, ఆ వంద మీటర్లలోనే వేల మంది వీడియోలు పట్టాలి. దూరం పెంచుకుంటే బరువు తగ్గుతుంది, బరువు పెంచుకోవాలంటే దూరం వదులుకోవాలి. ఏ కంపెనీ వచ్చినా, ఏ తరం టెక్నాలజీ వచ్చినా ఈ బేరం తప్పదు.

వికారాబాద్, తాండూరు కుర్రాళ్లు ఐపీఎల్ కోసం వెళ్లే ఉప్పల్ స్టేడియాన్నే లెక్కకు తీసుకుందాం. అందులో దాదాపు 39 వేల మంది కూర్చోవచ్చు. 2024 మార్చి 27న అక్కడ సన్‌రైజర్స్ 277 పరుగులు చేసింది. ముంబయి జవాబుతో కలిపి ఆ రాత్రి 523 పరుగులు వచ్చాయి. సిక్సర్ పడగానే అయిదుగురిలో ఒకరు 20 మెగాబైట్ల వీడియో ముక్కను ఎవరికో పంపారనుకోండి. అంటే 7,800 మంది, మొత్తం 156 గిగాబైట్లు. అదంతా అయిదు నిమిషాల్లో బయటికి పోవాలంటే సెకనుకు నాలుగు గిగాబిట్లకు పైగా దారి కావాలి. 20 మెగాహెర్ట్జ్ 4జీ సెక్టారు, అంటే టవర్ ఒక దిక్కుకు చూసుకునే భాగం, ఒక్కటి పైకి మోయగలిగింది కాగితం మీద సెకనుకు 75 మెగాబిట్లు. గుంపులో అందులో ఎంత నిలుస్తుందో అనుభవం ఉన్నవాళ్లకు తెలుసు. కాగితం లెక్కనే నమ్మినా 55కు పైగా సెక్టార్లు కావాలి. మామూలు టవర్ ఒక్కో బ్యాండుకు ఇచ్చేవి మూడు. ఇది నేను వేసుకున్న ఊహా లెక్కే గానీ, తేడా ఎంత పెద్దదో చెప్పడానికి సరిపోతుంది.

ఇంకో చిక్కు దిశలో ఉంది. ఇంట్లో మనం నెట్ నుంచి దించుకునేదే ఎక్కువ, అందుకే నెట్‌వర్కులు కిందికి వచ్చే దారిని వెడల్పుగా, పైకి పోయే దారిని ఇరుకుగా పెట్టాయి. మైదానంలో జనం చేసేది పంపడం. పైగా ఫోన్ రేడియో బలం వాటులో అయిదో వంతు మాత్రమే. వేల ఫోన్లు ఒకే టవర్ వైపు ఒకేసారి పలికితే ఒకదాని మాట ఇంకోదానికి రొద అవుతుంది. 2022 అక్టోబరు 1న మొదలైన 5జీ దీన్ని తీర్చేసిందనే వాదన ఉంది. కొంత తీర్చింది, కాదనను: 3.5 గిగాహెర్ట్జ్ బ్యాండులో దారి వెడల్పు బాగా పెరిగింది, టవర్ మీది పలకలో పదుల కొద్దీ చిన్న యాంటెన్నాలు ఒకే గాలిలో వేర్వేరు గుంపులకు వేర్వేరు కిరణాలు పంపుతున్నాయి. కానీ ఆ బ్యాండులోనూ సమయంలో ఎక్కువ భాగం కిందికి పంపడానికే కేటాయించారు. 4జీ ఫోన్లతో వచ్చేవాళ్లు ఇంకా చాలామందే.

కాబట్టి మందు ఎత్తయిన టవర్‌లో లేదు, చిన్న చిన్న గదులుగా విడగొట్టడంలో ఉంది. గ్యాలరీకి రెండు మూడు యాంటెన్నాలు పైకప్పుకో రైలింగుకో బిగించి, ఒక్కోటీ తన కింది కొన్ని వందల సీట్లనే చూసుకునేలా వంచుతారు. అన్నిటినీ ఫైబర్‌తో ఒక పరికరాల గదికి కలుపుతారు. అమెరికాలో సాంటా క్లారా లీవైస్ స్టేడియంలో వైఫై పెట్టెలను సీట్ల కిందే దాచారు. 2016 సూపర్ బౌల్ ఒక్కరోజే ఆ వైఫై మీద 10 టెరాబైట్లకు పైగా పోయింది. సీటు కిందే ఎందుకంటే మనిషి ఒంట్లో నీరెక్కువ, అది తరంగాన్ని మింగేస్తుంది. దూరపు టవర్‌కు శాపమైన ఆ గుణం ఇక్కడ వరమవుతుంది: కూర్చున్న జనమే గదికీ గదికీ మధ్య గోడవుతారు, అదే తరంగాన్ని పది వరసల అవతల మళ్లీ వాడుకోవచ్చు.

సిగ్నల్ చేరకపోవడం, చేరినా జాగా చాలకపోవడం అనే రెండు జబ్బులూ వికారాబాద్ నుంచి తాండూరు దారిలో పక్కపక్కనే కనిపిస్తాయి. మూసీ పుట్టిన అనంతగిరి మలుపుల్లో సిగ్నల్ బలహీనపడితే అది కొండ చేసిన అడ్డు. అక్కడ టవర్ కావాల్సిందే. అదే అనంతగిరిలో కార్తీక మాసపు పద్మనాభస్వామి జాతరకూ, నవంబరులో ధారూరు మెథడిస్టు క్రైస్తవ జాతరకూ వచ్చే ఇబ్బంది వేరు. ఏడాది పొడవునా చాలిన టవరే ఆ కొద్ది రోజులూ చాలదు. తాండూరులో జనం ఒక్కచోట చేరాలంటే విలియంమూన్ మైదానమే. ఆ ఊళ్లో మేడ మీది టవర్‌ను కింద నుంచి పరికించి చూడండి. మూడు దిక్కులకు తిప్పిన పొడవాటి పలకలు, వాటి మీద నాపరాయి దుమ్ము పొర, కాస్త కిందగా ఒక గుండ్రటి మైక్రోవేవ్ డిష్. టవర్‌కు ఫైబర్ లేకపోతే డేటా అంతా పోవాల్సింది ఆ డిష్ గుండానే. పలకలు ఎన్ని పెంచినా డిష్ మోసినంతే పోతుంది. మేడారంలోనో కుంభమేళాలోనో దించే చక్రాల టవర్లకూ ఇదే షరతు: బండి ఒక్క రోజులో వస్తుంది, ఫైబర్ రాదు.

ఆట చూడటానికి వచ్చినవాళ్లకు ఫోన్ ఎందుకన్న అభ్యంతరం పెద్దల నుంచి తరచుగా వస్తుంది. ఆట మీద వాళ్ల ప్రేమను గౌరవిస్తాను. కానీ టికెట్ ఇప్పుడు ఫోన్లోనే ఉంది, బజ్జీల డబ్బు ఫోన్లోనే ఉంది, తప్పిపోయిన పిల్లాడి కబురూ ఫోన్లోనే రావాలి. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది పోయాక, గుంపులో నెట్‌ను వినోదం ఖాతాలో వేయడం కుదరదు. ప్రమాద హెచ్చరికలకు సెల్ బ్రాడ్‌కాస్ట్ ఉందిగా అంటారు. ఉంది, ఎంత రద్దీలోనైనా ఒకే సందేశాన్ని అందరికీ చేరుస్తుంది. అయితే అది పైనుంచి కిందికే. కిందనున్న మనిషి తన చోటు చెప్పుకోవడానికి పైకి దారి కావాలి. రేడియేషన్ భయం ఇంకొకటి. మన దేశం 2012లో టవర్ల పరిమితిని అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతుకు తగ్గించింది. అదీగాక యాంటెన్నా దగ్గరగా ఉంటే చెవి దగ్గరి ఫోన్ తన బలం తగ్గించుకుంటుంది. దూరంగా ఉంటేనే గట్టిగా అరుస్తుంది.

ఏడాదికి పది రోజుల కోసం అంత ఖర్చా అన్న ప్రశ్న మాత్రం బరువైనది. ఉప్పల్ తరహా ఏర్పాటు తాండూరుకు అక్కర్లేదు, నేను అడగడం లేదు. ఖరీదైనవి పలకలూ రేడియోలూ; వాటిని జాతరకు, ఫైనల్‌కు తెచ్చి బిగించి మళ్లీ తీసుకుపోవచ్చు. ఎప్పటికీ ఉండాల్సింది నేల కింది గొట్టం, కరెంటు పాయింటు, నాలుగు మూలల్లో స్తంభాలు. మైదానాన్ని చదును చేసే రోజున వీటి ఖర్చు కొంచెమే. ఇంట్లో తాండూరు బండ పరిచేశాక కుళాయి గొట్టం గుర్తొస్తే ఎంత నష్టమో ఆ ఊరివాళ్లకు చెప్పనక్కర్లేదు.

బాధ్యత ఎవరిదన్నది తేల్చనిదే ఇవేవీ జరగవు. 2024 అక్టోబరు నుంచి కంపెనీలు కవరేజీ మ్యాపులు బయటపెట్టాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన పెట్టింది. మంచిదే, కానీ మ్యాపులో రంగు ఉంటే సిగ్నల్ ఉందని తెలుస్తుందే తప్ప ఫైనల్ నాటి సాయంత్రం ఎలా ఉంటుందో తెలియదు. అదే నెలలో భవనాలకు డిజిటల్ కనెక్టివిటీ రేటింగ్ ఇచ్చే నిబంధనలు తెచ్చి, స్టేడియాలనూ జనం తరచూ చేరే చోట్లనూ అందులో ఒక విభాగంగా పెట్టింది. ఆలోచన సరైనది, ఎందుకంటే బాధ్యతను టెలికాం కంపెనీతో ఆపకుండా స్థలం యజమాని దాకా తెచ్చింది. లోపమల్లా రేటింగ్ తీసుకోవడం యజమాని ఇష్టానికి వదలడం. సర్కారు మైదానాలకైనా దాన్ని తప్పనిసరి చేయాలి. వికారాబాద్, తాండూరు మున్సిపాలిటీలకూ, జాతర కమిటీలకూ, జిల్లా అధికారులకూ నా మనవి ఒక్కటే: ఈసారి ఏ మైదానానికి గ్యాలరీ కట్టినా, ప్రహరీ లేపినా, మొదటి అంచనాలోనే ఫైబర్ గొట్టానికి ఒక పద్దు రాయండి, జాతర తేదీ ఖాయమైన రోజే పోలీసులకూ నీళ్ల ట్యాంకర్లకూ రాసినట్టు టెలికాం కంపెనీలకూ ఒక ఉత్తరం పంపండి.