బొడ్డు దగ్గర కొలత

జనవరి 15, 2025, కనుమ. పామర్రు

అక్క వాళ్లింట్లో గారెలు, నాటుకోడి పులుసు. గారెలు ఐదు దాకా లెక్కపెట్టాను, తర్వాత లెక్క మానేశాను. చేతులు కడుక్కొచ్చాక బావగారు లోపల్నించి పాత తోలు బెల్టు ఒకటి పట్టుకొచ్చారు. 2018లో మేకు కాల్చి పొడిచిన బెజ్జాలు మూడు, అంచులు నల్లగా. ఇప్పుడు ఆయన పెట్టుకునే బెజ్జం వాటికి నాలుగు అవతల.

"ఏవయ్యా, ఇద్దరం ఒకే డబ్బాలో నూనె తాగాం. పదకొండేసి కిలోలు తగ్గాం. నీకింకా మాత్ర లేదు, నేను పొద్దున్నే సూది పొడుచుకుంటున్నా. ఏంటీ లెక్క?"

నవ్వేసి ఊరుకున్నాను. బస్సు కంకిపాడు దాటేదాకా అదే ప్రశ్న.

జనవరి 19. పటమట

2018లో బెజవాడలో వీరమాచనేని రామకృష్ణ గారి డైటు మాట ఎత్తని ఇల్లున్నట్టు లేదు. రోజుకి 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు. అన్నం, ఇడ్లీ, పంచదార బంద్. కొబ్బరినూనె కాఫీ మీద కళ్లు కళ్లుగా తేలేది. మొదటి రోజు వాంతి, మూడో రోజుకి అలవాటు. (షుగరు మందులు వాడేవాళ్లు డాక్టరుకి చెప్పకుండా ఒక్కసారి అన్నం మానేస్తే షుగరు ప్రమాదంగా పడిపోవచ్చు. ఆ మాట అప్పుడు మా ఇంట్లో ఎవరికీ పట్టలేదు.)

ఆ తర్వాత రెండేళ్లలో చెరో ఆరేడు కిలోలు తిరిగొచ్చాయి. అక్కడిదాకా ఇద్దరి కథా ఒకటే. కాకపోతే డైటు మొదలెట్టేనాటికి నా షుగరు వయసు ఎనిమిది నెలలు. బావగారిది పన్నెండేళ్లు.

ఫిబ్రవరి 2

న్యూకాసిల్ డాక్టరు రాయ్ టేలర్ చెప్పేది వరి పండించేవాడికి ఇట్టే అర్థమవుతుంది. చర్మం కింద కొవ్వు అంటే గాదెలో ధాన్యం. ఒక్కొక్కరి గాదె ఒక్కో సైజు. అది నిండాక వచ్చిన పంట వసారాలోకి, వంటింట్లోకి చేరుతుంది. కొవ్వు పట్టిన లివరు ఇన్సులిన్ మాట వినదు, తెల్లవార్లూ రక్తంలోకి చక్కెర వదులుతూనే ఉంటుంది. అక్కణ్నించి పొర్లిన కొవ్వు క్లోమంలో చేరి, ఇన్సులిన్ తయారుచేసే కణాలను మొద్దుబారుస్తుంది. తిండి బాగా తగ్గిస్తే ముందు ఖాళీ అయ్యేది లివరే. అందుకే వారంలోనే పరగడుపు షుగరు దిగుతుంది. క్లోమం తేరుకోవడానికి మాత్రం అందులో కణాలు మిగిలుండాలి. ఏళ్ల తరబడి తడిసిన విత్తనం మొలక రాదు.

ఆయనా, గ్లాస్గోలో మైక్ లీనూ కలిసి నడిపిన 'డైరెక్ట్' అనే పరిశోధనలోకి షుగరు వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లనే తీసుకున్నారు. ఏడాదికి 46 శాతం మంది మందుల్లేకుండా షుగరు గీత కిందకి వచ్చారు. 15 కిలోలూ ఆపైన తగ్గినవాళ్లలో అయితే 86 శాతం. రెండో ఏడాది చివరికి ఆ 46 కాస్తా 36 అయింది. "ఆరేళ్లు" అన్నచోట పెన్సిల్ గీత పెట్టాను.

ఫిబ్రవరి 3

బావగారికి ఫోన్ చేద్దామనుకున్నాను. చెయ్యలేదు.

ఫిబ్రవరి 16. గవర్నర్‌పేట

టైలర్‌కి నడుం ముప్పై ఆరని చెప్పాను. "అది మీ ప్యాంటు సైజండీ, మీది కాదు" అని బొడ్డు మీదుగా టేపు వేశాడు. నలభై. పొట్ట కిందకి ప్యాంటు దించుకుని ముప్పై ఆరులోనే ఉన్నామనుకునే మగాళ్లు ఈ ఊళ్లో ఎంతమందో! మనవాళ్లకి పెట్టిన గీత మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80. తొంభై అంటే ముప్పై అయిదున్నర అంగుళాలు కూడా లేదు.

పుణె డాక్టరు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టరు జాన్ యుడ్కిన్ పక్కపక్కన దిగిన ఫోటో 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2. మన గాదె చిన్నది మరి.

మార్చి 23

షుగరుకీ బరువు తగ్గడానికీ వాడే మౌంజారో మన దేశంలోకి వచ్చింది. వారానికో సూది. మా ఆఫీసులో ఒకాయన అప్పుడే అడుగుతున్నాడు, నాలుగు నెలలు వాడి ఆపేస్తే చాలా అని. అదే కోవ మందు సెమాగ్లూటైడ్‌ను ఆపినవాళ్లకి ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. బీపీ, షుగరు కూడా చాలావరకు పాత దారి పట్టాయి. కొవ్వు కణంలో పాత లావు తాలూకు గుర్తులు బరువు తగ్గాక కూడా మిగిలే ఉంటాయని జ్యూరిక్ శాస్త్రజ్ఞులు 2024లో చూపించారు. బావగారి బెల్టు గుర్తొచ్చింది.

ఏప్రిల్ 13

ఇన్నాళ్లకి జవాబు లాంటిది దొరికింది. షుగరు అంచున ఉన్నవాళ్లకి జర్మనీలో ఏడాది పాటు తిండి, వ్యాయామం నేర్పించి బరువు తగ్గించారు. కొందరి షుగరు మామూలైంది, కొందరిది కాలేదు. తగ్గిన కిలోలు రెండు గుంపులవీ దాదాపు సమానమే! షుగరు మామూలైనవాళ్లకి పొట్ట లోపలి కొవ్వు ఎక్కువ కరిగింది, ఒళ్లు మళ్లీ ఇన్సులిన్ మాట వినడం మొదలెట్టింది. తర్వాతి రెండేళ్లలో జబ్బు ముదిరే ముప్పు వాళ్లకి 73 శాతం తక్కువ. 2023లో అచ్చయింది.

కాటా ఈ సంగతి చెప్పదు.

మే 11. పామర్రు

కాలవ ఎండి, అడుగున పగుళ్లు. చెప్పేశాను.

"అంటే నేను ఆలస్యంగా బయల్దేరానంటావ్" అన్నారు బావగారు. బయల్దేరడం వృథా కాదన్నాను. సూది పూర్తిగా మానకపోయినా డోసు తగ్గొచ్చు, లివరు తేలికపడుతుంది, బీపీ దిగుతుంది.

అక్క వంటింట్లోంచి అందుకుంది: "అప్పుడు పొట్టతో పాటు తొడలూ పోయాయిరా. పిక్కలు పుల్లల్లా అయ్యాయి. తర్వాత పొట్ట వచ్చింది గానీ పిక్కలు రాలేదు." ఏ పరిశోధనా ఇంత సూటిగా చెప్పలేదు. తిన్న సాంబ మసూరి అన్నంలో చక్కెరని ఎక్కువగా పుచ్చుకునేది కండే. అది కరిగిపోతే ఆ అన్నం ఎక్కడికి పోవాలి?

నా సంచిలో టేపు ఉంది. బావగారికి నలభై రెండు. నాకు ముప్పై ఎనిమిదిన్నర. హైదరాబాదు నుంచి సెలవుకొచ్చిన మేనల్లుణ్ని కూడా లాగి నిలబెట్టాం. ముప్పై ఒక్కేళ్లు, కాళ్లూ చేతులూ సన్నం, ఇంటిల్లిపాదీ వాణ్ని ఇంకా "బక్కోడా" అనే పిలుస్తారు. బొడ్డు దగ్గర ముప్పై ఏడున్నర. రేపు పరగడుపున రక్తం ఇచ్చి రమ్మన్నాం.