గుత్తి పేరు గల నీలి సాలీడు

సాలీడు మనకు అపరిచిత ప్రాణి కాదు. పవిత్ర ఖుర్‌ఆన్‌లో 29వ సూరాకు ‘అన్‌కబూత్’ అని దాని పేరే ఉన్నది. శ్రీకాళహస్తి నామంలోని ‘శ్రీ’ కూడ సాలీడే. అయినను ఇంటి మూల అది కనబడినంతనే చీపురు అందుకొనుటలో ఉర్దూ ఇండ్లకు, తెలుగు ఇండ్లకు భేదమేమియు లేదు! అటువంటి ప్రాణిని అద్దాల పెట్టెలో ఉంచి పోషించి మురిసిపోవువారు ఐరోపా, అమెరికాలలో ఉన్నారనియు, వారు మిక్కిలి మోజుపడు వానిలో ఒకటి మన గుత్తి పేరు ధరించిన టరాంటులా అనియు తెలిసి మేము విస్మయం చెందాము.

1899లో పోకాక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దీనిని లోకానికి పరిచయం చేశాడు. నమూనా దొరికినది గుత్తి రైల్వే కలప అడితిలో. పేరు అట్లు స్థిరపడినది గాని, అది దుంగలతో పాటు రైలెక్కి వచ్చిన బాటసారి కావచ్చును. దాని అసలు నివాసం నంద్యాల, గిద్దలూరుల నడిమి అడవి అని 2001లో గాని తేలలేదు. దాని నీలిమ రంగుద్రవ్యం వలన కలిగినది కాదు; రోమాలలోని అతిసూక్ష్మ నిర్మాణం వెలుతురును వెనుకకు మరల్చుట వలన కలుగుతున్నది.

ఇది నేలలో బొరియ త్రవ్వునది కాదు, చెట్టు తొర్రలో కాపురముండునది. కనుక పెట్టెకు వెడల్పు కన్న ఎత్తు ముఖ్యం. నిలువుగా ఒక బెరడు ముక్క, గాలికి రంధ్రాలు, చిన్న నీటి గిన్నె, తినుటకు బొద్దింకలు, కీచురాళ్లు చాలును. పాత చర్మం విడుచు రోజులలో అది ఆహారం ముట్టదు. అప్పుడు దానిని కదిలించరాదు. చిలుకవలె చేతిపై ఆడించుటకు వీలులేదు. మెరుపు వేగం దానిది; కరచినచో తీవ్రమైన బాధ, కండరాల ఈడ్పులు. ఆడది సుమారు 12 ఏండ్లు బ్రతుకును, మగది 3, 4 ఏండ్లు మాత్రమే. ఇంత శ్రమకు యజమానికి దక్కునది కేవలం దర్శనం, అదియును అది తొర్ర వీడిన రాత్రులలోనే.

పెట్టెలలో పిల్లలు పుట్టుచున్నవి గనుక అడవి సాలీడుల జోలికి పోనక్కరలేదని పెంపకందార్లు వాదిస్తారు. అందులో కొంత నిజమున్నది. 2019 నుండి ఈ ప్రజాతి అంతటి అంతర్జాతీయ వ్యాపారం సైటీస్ ఒప్పందపు నియంత్రణలో ఉన్నది. మాకు తెలిసిన ఏ ఇంటిలోను ఇది లేదు. ఉండవలెనని మేము కోరము. మా చింత పెట్టెను గురించి కాదు, చెట్టును గురించి. 2008లో దీనిని అత్యంత ప్రమాదస్థితిలోని జీవిగా ప్రకటించినప్పుడు లెక్కకు వచ్చిన అడవి 100 చదరపు కిలోమీటర్లకు లోపే. అక్కడ తొర్రపడిన ఒక ముసలి చెట్టు వంటచెరకుగా పొయ్యికి చేరినచో, సాలీడుకు మరొక తొర్ర ఏర్పడుటకు ఎన్ని దశాబ్దాలు పట్టునో!